గింజ ముందు, మాట తర్వాత

మొన్న ఆదివారం మా జహీరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో శిబిరం పెట్టారు. చిన్నతనంలో మనసుకు తగిలిన దెబ్బల నుంచి రెండు రోజుల్లో బయటపడవచ్చని వారం ముందు నుంచే గోడల మీద పోస్టర్లు. ఎవరో పాస్ ఇస్తే వెళ్లాను. శిక్షకుడు అందరినీ కళ్లు మూసుకోమని, ఏడెనిమిదేళ్ల వయసును గుర్తు తెచ్చుకోమన్నాడు. తర్వాత మూడో వరుసలో ఉన్న ఒకామెను వేదిక మీదికి పిలిచాడు. యాభై దాటి ఉంటాయి. "చెప్పమ్మా, లోపల ఉన్నదంతా బయటపెట్టు, తేలికైపోతావు" అంటూ మైకు చేతికిచ్చాడు. ఆమె రెండు మాటలు చెప్పింది. గొంతు పూడుకుపోయింది. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే ఆయన ఇంకొకరిని పిలిచాడు. ఆమె మెట్లు దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేరుగా బయటికి నడిచింది. నేను లేచి వెళ్లేసరికి ఆటో ఎక్కేసింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. చెప్పుకోవాలి, దాచుకోకూడదు అంటాను. "అయిందేదో అయింది, ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం" అని ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట మీద ఎన్ని వారాలు పోట్లాడానో మీకు గుర్తే. ఆ లెక్కన ఆ శిక్షకుడు నా పక్షం మనిషి కావాలి. ఆయన అన్నవి దాదాపు నా మాటలే. అయినా ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కోపం చల్లారలేదు. ఎందుకని వారమంతా ఆలోచించాను.

చిన్ననాటి దెబ్బ పెద్దయ్యాక కూడా ఒంట్లో ఉంటుందన్న దాని మీద నాకు ఏ అనుమానమూ లేదు. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో పెద్ద మలుపు. అది శాన్ డియెగోలో 9,500 మందికి పైగా పెద్దవాళ్లను పద్దెనిమిదేళ్లు నిండకముందు తమకు ఏం జరిగిందో అడిగి, ఆ జవాబులను ఇప్పటి ఆరోగ్యంతో పోల్చిన పని. చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు పడితే, పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు, తాగుడు లాంటివి అంత ఎక్కువగా కనిపించాయి. నలభై ఏళ్ల కిందటి భయం ఇవాళ రక్తపోటుగా రావచ్చని వైద్యరంగం అప్పటి నుంచి గట్టిగా నమ్మడం మొదలుపెట్టింది.

అయితే ఆ అధ్యయనంలో అడిగినవి ప్రధానంగా ఇంటి లోపలి సంగతులు. కొట్టారా, వేధించారా, తల్లిదండ్రులు విడిపోయారా, ఇంట్లో తాగేవాళ్లున్నారా అని. మన ఎర్ర చెల్కల మీద పుట్టిన చాలామంది ఆడవాళ్ల బాల్యం ఆ ప్రశ్నల్లో పట్టదు. అప్పు కింద పటేలు ఇంట్లో జీతానికి పెట్టిన పిల్లను ఏ ప్రశ్న అడగాలి? తెల్లారకముందే కొట్టంలో పెండ తీయడం, పొద్దంతా పసుల వెంట తిరగడం, దోసిలి పడితే పైనుంచి పోసే నీళ్లు తాగడం, పంట చేతికొచ్చే ముందు నెలల్లో తుమ్మికూర, దొగ్గలికూర ఉడకేసుకుని గంజితో గడపడం, ఇది ఒకరిద్దరి కథ కాదు. వెట్టి కట్టుబానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. ఆ తర్వాత కూడా మన పల్లెల్లో పిల్లలను జీతం పెట్టడం ఆగలేదు.

ఇక్కడ పస్తాపూర్ సంగతి చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే నేను ఆగనని మీకు తెలుసు. ఈసారి ఆగాల్సిన పని కూడా లేదు. నేను వెతుకుతున్న జవాబు అక్కడే ఉంది.

పస్తాపూర్‌లో పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. 2023 మార్చిలో పోయారు. జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువగా దళిత ఆడవాళ్లతో సంగాలు ఏర్పడ్డాయి. పొద్దంతా కూలికి పోయి, రాత్రి వంట ముగించుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడంలో మొదట మాట్లాడుకున్నది బాధల గురించి కాదు. తిండి గురించి, కూలి గురించి, పడావు పడ్డ చెల్కల గురించి. తొంభైల నడుమ సుమారు ముప్పై ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూముల్లో మళ్లీ జొన్నలు పండించి, ఆ గింజలతో ఊరికో నిధి పెట్టారు. ఎవరు ఎంత పేదవాళ్లో ఊరంతా కూర్చుని ఆడవాళ్లే తేల్చారు. కటిక పేదలకు ఎక్కువ గింజలు, ఆ పైవాళ్లకు తక్కువ. చిన్నప్పుడు ఆకలి పడ్డవాళ్లకు ఊళ్లో ఆకలి ఎక్కడుందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఝరాసంగం వైపు ఒక ఊళ్లో, సంగంలో మొదటి నుంచీ ఉన్న ఒక అవ్వ ఇంటికి చాలా ఏళ్ల కిందట వెళ్లాను. ఆమె విత్తనాల గంప చూపించింది. మూతికి మెత్తిన పెండమట్టిని వేళ్లతో పగలగొట్టి, బూడిదలో చెయ్యి పెట్టి, ఎండిన వేపాకు పక్కకు జరిపి, పిడికెడు పచ్చజొన్నలు తీసింది. అరచేతిలో పోసుకుని ఊదితే బూడిద లేచిపోయి గింజలు మెరిశాయి. ఎవరికైనా విత్తనం ఇస్తే పైసలు తీసుకోరు, పంట వచ్చాక ఇచ్చినదానికంటే ఎక్కువ కొలిచి తీసుకుంటారు. ఆ లెక్కలు చెబుతూ చెబుతూ ఆమె తన ఏడేళ్ల వయసు సంగతి ఎత్తింది. పటేలు చేనులో పాలు పట్టిన జొన్నకంకి ఒకటి నలిపి తిన్నందుకు కొట్టంలో గుంజకు కట్టేశారట. చీకటి పడేదాకా ఎవరూ విప్పలేదు. మసక చీకట్లో పసుల కొట్టం వాసన వస్తే ముసలితనంలోనూ కాళ్లు వణికేవని చెప్పింది.

"ఈ ముచ్చట సంగంల ఎప్పుడు చెప్పినవు అవ్వా?" అని అడిగాను.

"శానా ఏండ్లు చెప్పలె బిడ్డా. రాత్రి రాత్రి కూసున్నం గని గా ముచ్చట తియ్యలె. ఇంట్ల జొన్నలు పడ్డంక చెప్పిన."

"అంతకుముందే ఎందుకు చెప్పలేదు?"

"గప్పుడు చెప్తె తెల్లారి మళ్ల గాయన ఇంటికే పోవాలె గద, పనికి."

ఈ వారం నా కోపానికి కారణం ఆ మాటలో దొరికింది. చెప్పిన తర్వాత మనిషి తెల్లారి ఎక్కడికి పోవాలి అన్నది మొదటి ప్రశ్న. ఆ అవ్వకు ఏళ్ల తరబడి సంగం ఉంది. వినేవాళ్లున్నారు, అందరూ అలాంటి బాల్యం గడిపినవాళ్లే. చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. అయినా ఆమె నోరు విప్పలేదు. ఏడాది గింజలు ఇంట్లో చేరి, పటేలు గడప తొక్కే అవసరం తీరాకే విప్పింది. చెప్పుకోవడం వల్ల ఆమె భయం పోయిందనుకుని రాసుకోవడానికి వెళ్లిన నాకు ఆమె వరుస తిప్పి చెప్పింది. భయపెట్టే బతుకు ముందు మారింది, మాట తర్వాత వచ్చింది.

ఆ తర్వాత మాట ఎంత దూరం పోయిందో చూడండి. ఈ సంగాల ఆడవాళ్లే వీడియో కెమెరాలు పట్టారు. చదువు రాని వాళ్లు కెమెరా ఎత్తును తమ బతుకుతో కొలిచారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేలు చూపు, పటేల్ షాట్. కిందినుంచి పైకి చూస్తే అది జీతం ఉన్న మనిషి చూపు. కంటికి కన్ను ఎదురుగా ఉంటే అది సంగం షాట్, ఎందుకంటే సంగంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఏళ్ల తరబడి నేలమీద నుంచి తలెత్తి చూసిన పిల్లలు పెద్దయి తమ కన్ను ఏ ఎత్తులో ఉండాలో తామే నిర్ణయించుకున్నారు. ఒక మనిషి కోలుకోవడమంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపిన దృశ్యం నాకు ఇంకొకటి తెలియదు.

2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంగం రేడియో మొదలైంది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ నడిపిన ఆ రేడియోలో మన యాస, మన పాట, మన పంటల ముచ్చట వినిపించాయి. సొసైటీ మొదలై అప్పటికి పాతికేళ్లు. పాతికేళ్ల కింద ఆ గొంతులకు మైకు ఇచ్చి "మీ బాల్యం చెప్పండి" అని ఉంటే ఏం జరిగేదో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. రెండు మాటలు వచ్చేవి, గొంతు పూడుకుపోయేది, వినేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు.

అమెరికాలో మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పింది. ఒకటి భద్రత. రెండు, జరిగినదాన్ని గుర్తు చేసుకుని దుఃఖపడటం. మూడు, మళ్లీ మనుషుల్లో కలవడం. ఇంట్లో హింస పడ్డ ఆడవాళ్లనూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులనూ చూసి ఆమె ఈ వరుసకు వచ్చింది. మన సంగాల ఆడవాళ్లు ఆ పుస్తకం చదవలేదు, చదవనవసరమూ లేదు. విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లకు మానసికంగా తోడుండటం ఎలాగో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిలోనూ ఇదే మాట ఉంది. జరిగింది చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకండి, ముందు వాళ్ల అవసరాలు చూడండి అని. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి ఆరుబయట బెంచీల మీద కూర్చోబెట్టాడు. వాళ్లూ వచ్చినవాళ్ల కష్టాల్లోంచి ఒకటి ఎంచుకోమని, దానికి ఏం చేయగలమో కలిసి చూద్దామని అంటారు. నిజామాబాద్ జిల్లాలో సంఘసంస్కర్త హేమలతా లవణం జోగినుల మధ్య చేసిన పని కూడా నాకు ఈ వరుసలోనే కనిపిస్తుంది. ఊహ తెలియని వయసులో దేవుడి పేరుతో ఊరికి అప్పగించిన ఆడపిల్లలు వాళ్లు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టంతో పాటు బతుకుదెరువు, వాళ్ల పిల్లలకు చదువు చూపిన చోటనే జోగిని అన్న పేరు వెనక్కి తగ్గింది.

"గింజలు నిండిన ఇళ్లలోనూ దెబ్బ తిన్న పిల్లలున్నారు కదా" అని మీరు అడుగుతారు. ఉన్నారు, నాకు ఉత్తరాలు రాసినవాళ్లలోనే ఉన్నారు. వాళ్లకు కావలసిన భద్రత వేరే రూపంలో ఉంటుంది. లోపలి నుంచి గడియ పెట్టుకోగల గది కావచ్చు, సొంత సంపాదన కావచ్చు, పండక్కి ఆ చుట్టం వస్తే "నేను రాను" అనగలిగే హక్కు కావచ్చు. చిన్నప్పుడు హింస పెట్టిన మనిషికే ఇప్పటికీ కాఫీ కలిపి ఇవ్వాల్సిన ఇంట్లో ఉంటూ మనసు విప్పమంటే ఎవరు విప్పుతారు?

కాబట్టి నా పాత పాటకు ముందు ఈ వారం ఒక చరణం చేరుస్తున్నాను. తవ్వొద్దు అనే పెద్దవాళ్లకూ, ఇప్పుడే చెప్పు అనే శిక్షకుడికీ తేడా లేదు. ఇద్దరూ నిర్ణయాన్ని ఆ మనిషి చేతిలోంచి లాక్కుంటున్నారు. చిన్నప్పుడు ఆ పిల్లకు లేనిది సరిగ్గా అదే, తన మీద తనకు అధికారం. మాట్లాడే రోజును తానే ఎంచుకోవడం కూడా కోలుకోవడంలో భాగమే. అరవై ఏళ్లకు ఎంచుకున్నా ఆలస్యం కాదు.

మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి మనిషి ఉంటే, గతం అడగకండి. తిన్నారా, పింఛను వస్తోందా, రాత్రిపూట ఇంట్లో తోడెవరున్నారు, ఎవరంటే భయం అని అడగండి. ఆ భయం ఇంకా తీరకపోతే తీర్చే పని పట్టండి. ఆమె తానుగా చెప్పిన రోజున మధ్యలో ఆపకండి, సాక్ష్యం అడగకండి, ఇంకొకరికి మోయకండి. మాట్లాడటానికి మనిషి కావాలనుకునేవాళ్లకు 14416 టెలీమానస్ నంబరు రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది, డబ్బు పడదు. ఇవాళ్టి ఏడేళ్ల పిల్ల ఎవరైనా మీ కంట పడితే మాత్రం ఆమె మాట కోసం ఎదురుచూడకండి. 1098కి వెంటనే ఫోన్ చేయండి. ఆమెకు ముందు కట్టు విప్పాలి.