రిచర్డ్ పూర్తిచేయని పుస్తకం

ఆఫ్రికన్ స్టడీస్‌లో మాస్టర్స్ చేద్దామనుకుంటున్నానని ఇంట్లో చెప్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఆఫ్రికా వెళ్తావా?" లేదమ్మా, హాలండ్‌లో లైడెన్ అని ఒక ఊరుంది, అక్కడ అన్నాను. "ఆఫ్రికా గురించి చదవడానికి హాలండెందుకురా?" పదకొండేళ్ళుగా జావా కోడ్ రాసుకుంటున్న నా దగ్గర దీనికి జవాబు లేదు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయడానికి కూచుని, రెండు పేరాల తర్వాత ముందుకు కదలక, చిమమాండ ఎన్‌గోజి అడిచీ నవల ‘హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్’ మళ్ళీ తీశాను. 2006లో వచ్చిన పుస్తకం. హాస్టల్లో ఉన్నప్పుడు దీన్ని ఒలానా, కైనేనే అనే కవలల కథగా, యుద్ధం కథగా ఒక్క ఊపులో చదివేశాను. నైజీరియా నుంచి 1967 మేలో విడిపోయి, 1970 జనవరిలో లొంగిపోయిన బయాఫ్రా అనే దేశం ఒకటుండేదని నాకు తెలిసింది ఈ నవల వల్లే. అడిచీ పుట్టింది 1977లో. తాతలిద్దరూ ఆ యుద్ధకాలంలోనే పోయారు.

ఈసారి నన్ను పట్టుకున్నది యుద్ధం కాదు, మొదట్లోనే వచ్చే ఒక చిన్న సన్నివేశం. పల్లెనుంచి పనికి వచ్చిన పదమూడేళ్ళ ఉగ్వూకి, యూనివర్సిటీలో లెక్కలు చెప్పే యజమాని ఒడెనిగ్బో పాఠం చెప్తాడు. నైజర్ నదిని మంగో పార్క్ కనుక్కున్నాడని బళ్ళో చెప్తారు, అది ఒట్టి మాట, అతని తాత పుట్టకముందు నుంచే మనవాళ్ళు అందులో చేపలు పడుతున్నారు, అయినా పరీక్షలో మాత్రం అతని పేరే రాయాలి అంటాడు. మన సోషల్ పుస్తకంలో వాస్కో డ గామా కూడా ఇలాగే ఏదో ఒకటి ‘కనుక్కునే’వాడు. నేను అప్లై చేస్తున్న డిగ్రీలో ఈ రెండు జవాబుల్లో ఏది రాస్తే పాస్ చేస్తారు? తమాషా ఏమిటంటే, ఈ నవలకి 2007లో ఆరెంజ్ ప్రైజ్ వచ్చింది, 2008లో అడిచీ యేల్ యూనివర్సిటీ నుంచి మాస్టర్స్ పట్టా తీసుకుంది. సబ్జెక్టు ఆఫ్రికన్ స్టడీసే. ఈ సీను రాసిన మనిషి ఆ క్లాసులో ఏ మొహంతో కూర్చుని ఉంటుందా అని చాలాసేపు ఊహించుకున్నాను.

నవలలో నాలాంటివాడు ఒకడున్నాడు. రిచర్డ్ అనే ఇంగ్లిష్‌వాడు. ఇగ్బో-ఉక్వు తవ్వకాల్లో దొరికిన, తాడు అల్లికతో ఉన్న కుండ చూసి మనసు పారేసుకుని వస్తాడు. ఇగ్బో భాష నేర్చుకుంటాడు, కైనేనేని ప్రేమిస్తాడు, తర్వాత బయాఫ్రా తనదే అనుకుంటాడు. పుస్తకం రాస్తానంటాడు గానీ ఏదీ పూర్తిచేయడు. కథ మధ్యమధ్యలో ఎవరో రాస్తున్న ఇంకో పుస్తకం ముక్కలు వస్తుంటాయి. (చదవనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) ఆ రాసేది రిచర్డే అనుకుంటాం. నేనూ అనుకున్నాను. చివరికి చూస్తే రాసింది ఉగ్వూ. ఈ యుద్ధం తను చెప్పాల్సిన కథ కాదని రిచర్డ్ ఒప్పుకుంటాడు. అతనిదేనని ఉగ్వూ ఎప్పుడూ అనుకోలేదు కూడా. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ చప్పట్లు కొట్టినంత పనిచేశాను.

ఇప్పుడు నాకు అంత తృప్తిగా లేదు. రిచర్డ్ వదులుకున్నదేమిటి? రాయలేనివాడు రాయడం మానేశాడు, అంతే. నిజంగా పనిమంతుడై, పదేళ్ళ నోట్స్ పెట్టెలో పెట్టుకుని, అప్పుడు పక్కకి జరిగి ఉంటే ఆ ప్రశ్న గుచ్చుకునేది. బయటివాడు ఎంతవరకు చెప్పొచ్చు అన్న కష్టమైన లెక్కని, బయటివాణ్ణి అసమర్థుణ్ణి చేసి అడిచీ సులువుగా తేల్చేసింది. పైగా అదే నవలలో మదూ అనే సైనికాధికారి, తెల్లవాడు రాస్తే ప్రపంచం వింటుందని రిచర్డ్ చేత ప్రచార వ్యాసాలు రాయిస్తాడు. అంటే అతని మాటకి అవసరమూ ఉంది, విలువా ఉంది. ఈ ఇరకాటాన్ని ఇంకాస్త సాగదీయాల్సింది.

ఉగ్వూ విషయంలో మాత్రం ఆమె ఏ సులువూ చూసుకోలేదు. బలవంతంగా సైన్యంలోకి లాక్కెళ్ళిన ఉగ్వూ, తోటి సైనికులతో కలిసి బార్‌లో పనిచేసే అమ్మాయిని పాడుచేస్తాడు. తర్వాత పుస్తకం రాసేదీ ఆ చేతులే. లోపలివాడు గనక చెప్పే హక్కుంది, కానీ లోపలివాడు గనక శుభ్రంగా ఏమీ లేడు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ పేజీలు గబగబా తిప్పేశాను. ఈసారి అక్కడే రెండు రోజులు ఆగిపోయాను.

తర్వాత నా స్టేట్‌మెంట్ తెరిస్తే, మొదటి లైన్లోనే ‘గొంతులేనివారికి గొంతునివ్వడం’ అని ఉంది. సిగ్గేసింది. తీసేశాను. దాని బదులు మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ గురించి మొదలుపెట్టాను. ఆ ఏసీకి అర్థం ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం అశ్వికదళంలో పనిచేసిన ఆఫ్రికన్ల పేరు మీద ఆ బస్తీ వచ్చిందని తెలియకుండానే ఎన్నేళ్ళు ఆ దారిన పోయానో. అది రాస్తే మా అమ్మ ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఢిల్లీ యూనివర్సిటీలో 1955 నుంచీ ఆఫ్రికన్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ ఉంది మరి. ఆ అప్లికేషన్ ఫారం కూడా ఇంకో ట్యాబ్‌లో తెరిచిపెట్టుకున్నాను. లైడెన్‌కి గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.