తీసివేతలోని పనితనం

గాజు సీసాలో ఒకటిన్నర మిల్లీలీటర్ల మందు. కదపకుండా ఉంచితే అడుగున మడ్డి పేరుకుంటుంది, అందుకే బాగా కుదిపి నోట్లో పోయాలి. రెండు వారాలకు మరో సీసా. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 2009లో షాన్‌కోల్ పేరుతో తెచ్చిన కలరా టీకా ఇదే. దీన్ని దగ్గరగా చూసినకొద్దీ, ఇందులో వేసినవాటికంటే తీసేసినవాటినే నేను ఎక్కువగా మెచ్చుకుంటాను.

కలరా క్రిమి రక్తంలోకి చొరబడదు. చిన్నపేగు గోడను పట్టుకుని అక్కడే విషం కక్కుతుంది. ఒంట్లోని నీరు, ఉప్పు పేగులోకి కారిపోయి మనిషి గంటల్లో సోలిపోతాడు. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగు మీద నిరూపించారు. శత్రువు పేగులో మకాం వేస్తే కాపలా కూడా అక్కడే ఉండాలి. పాత సూదిమందు జబ్బకు నొప్పి మిగిల్చి, కొద్ది నెలలకే చేతులెత్తేసేది. నోటి టీకా ప్రతిరక్షకాలను పేగు గోడ దగ్గరే తయారు చేయిస్తుంది.

స్వీడన్ శాస్త్రవేత్త యాన్ హోల్మ్‌గ్రెన్ చంపిన క్రిములకు తోడు, కలరా విషంలో హాని చేయని ‘బి’ భాగాన్ని కలిపారు. 1985లో బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో స్త్రీలకు, పిల్లలకు ఇచ్చి చూస్తే మొదటి ఆరు నెలల్లో 85 శాతం రక్షణ కనిపించింది. ఉత్త క్రిముల టీకాకు 58. మూడేళ్ల లెక్క తీసేసరికి రెండూ 50 శాతం దగ్గరే తేలాయి. ఆ ‘బి’ భాగం ఒక ప్రొటీన్, అదేమో ఖరీదు. పైగా కడుపులోని ఆమ్లానికి ఆగదు కనుక క్షారపు పొడి కలిపిన మంచినీళ్లతో తాగించాలి. మంచినీళ్లు లేకనే కదా కలరా వచ్చేది! వియత్నాంలో డాంగ్ డుక్ ట్రాక్ బృందం ఆ ప్రొటీన్‌ను వదిలేసి ఉత్త క్రిములతోనే టీకా చేసింది. సియోల్‌లోని అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ దాన్ని సవరించి శాంతాకు అందించింది.

మిగిల్చిన క్రిముల విషయంలో ఎంత జాగ్రత్తో చూడండి. నాలుగు రకాలు తీసుకుని అయిదు పాళ్లుగా కలిపారు. కైరో 50 అనే రకాన్ని ఒక పాలు వేడితో, ఇంకో పాలు ఫార్మలిన్‌తో చంపారు. క్రిమి పైపొరలో వేడికి చెడిపోయే భాగాలుంటాయి, వాటిని ఫార్మలిన్ కొంత కాపాడుతుంది. చచ్చిన క్రిమి కూడా పేగుకు తన ముఖం పూర్తిగా చూపించాలన్నది ఉద్దేశం.

అసలు పరీక్ష 2006లో కోల్‌కతా బస్తీల్లో జరిగింది. టీకా తాగినవాళ్లు 31,932 మంది, ఉత్తుత్తి మందు తాగినవాళ్లు 34,968 మంది. అయిదేళ్లలో టీకా వాళ్లలో 69 మందికి, రెండోవైపు 219 మందికి కలరా వచ్చింది. అంటే 65 శాతం రక్షణ. రెండేళ్లప్పుడు తేలింది 67 శాతం. ఇన్నేళ్లూ దాదాపు తరగకుండా నిలవడం నోటి టీకాకు చిన్న విషయం కాదు.

అయిదేళ్లలోపు పిల్లల్లో మాత్రం ఆ రక్షణ 42 శాతమే. కలరాకు త్వరగా లొంగేది వాళ్లే కనుక ఈ లోటు నన్ను బాధిస్తుంది. దీనికి కొంత ఊరట మత్లబ్ లెక్కల్లోనే దొరికింది. చుట్టుపక్కల ఎక్కువమంది టీకా తాగిన చోట, తాగనివాళ్లలో కూడా కలరా బాగా తగ్గింది. తల్లి తాగిన మోతాదు పసిబిడ్డకూ కొంత కాపు కాస్తుందన్నమాట.

తీసివేత అన్నిచోట్లా చెల్లదు. టీకా కొరత వల్ల 2022 అక్టోబరు నుంచి, కలరా చెలరేగిన చోట్ల ఒక్క మోతాదుతోనే సరిపెట్టాల్సి వచ్చింది. అంతకుముందు ఢాకాలో చేసిన ఒక్క మోతాదు పరీక్షలో ఆరు నెలల రక్షణ 40 శాతం, అయిదేళ్లలోపు పిల్లల్లో 16 శాతమే. ఉపద్రవంలో ప్రాణాలు నిలిపేందుకు అది సరే. రెండో మోతాదుకు బదులని అనుకోకూడదు.

శాంతా ఈ టీకా తయారీ ఆపేసింది. 2024లో హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ ‘హిల్‌కోల్’ విడుదల చేసింది. అందులో ఉన్నది హికోజిమా అనే ఒకే ఒక్క రకం. ఒగావా, ఇనాబా అనే రెండు ప్రధాన రకాల గుర్తులూ దాని ఒంటి మీదే ఉంటాయి. నాలుగు రకాలను వేర్వేరుగా పెంచి, చంపి, కలిపే శ్రమంతా దాంతో పోయింది. మోతాదులు మాత్రం రెండే ఉంచారు.