ఆయిల్ మార్చిన తరువాత

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పాత ఆయిల్‌ను కదిలించనంతకాలం బండి నడుస్తుందని, మార్చిన వెంటనే గేర్లు జారడం మొదలవుతుందని అమెరికాలో పాత పికప్ ట్రక్కులు నడిపేవారిలో ఒక నమ్మకం బలంగా ఉంది. ఆయిల్ మార్చాలన్న ఆలోచన చాలామందికి గేరు ఆలస్యంగా పడడం మొదలయ్యాకనే కలుగుతుందన్న సంగతిని ఈ నమ్మకం లెక్కలోకి తీసుకోదు. అందువల్ల లోపాన్ని వెతికేవారు ముందుగా తేల్చవలసింది, అది ఆయిల్ మార్చిన పనిలో జరిగిన పొరపాటా, లోపల అప్పటికే ఉన్న అరుగుదలా అన్నదే.

షెవ్రోలే సిల్వరాడో 1500 ట్రక్కుల్లో ఏళ్లతరబడి అమర్చిన 4ఎల్60-ఈ అనే నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో ఆయిల్ పని రాపిడిని తగ్గించడంతో ఆగదు. పంపు దానిని ఒత్తిడితో తోస్తే, సన్నని దారులు తొలిచిన లోహపు దిమ్మె అయిన వాల్వ్ బాడీ ఆ ఒత్తిడిని తగిన క్లచ్ పలకల మీదికి మళ్లిస్తుంది కనుక, ఒత్తిడి తగ్గితే పలకలు పట్టు తప్పి జారుతాయి. అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన పాన్‌ను విప్పినప్పుడు సుమారు 5 లీటర్లు మాత్రమే బయటికి వస్తాయి. మిగిలిన సగానికి పైగా ఆయిల్, ఇంజన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. ఆ సంగతి తెలియక మొత్తం పరిమాణం పోస్తే, తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉన్నందున ఒత్తిడి నిలవదు. కనుక బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ 82 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాక డిప్‌స్టిక్ చూడాలి. పాత డాడ్జ్ రామ్ ట్రక్కుల్లో ఈ పరీక్ష పార్కులో కాక న్యూట్రల్‌లో చేయాలి, ఎందుకంటే పార్కులో వాటి కన్వర్టర్‌కు ఆయిల్ అందదు.

మట్టం సరిగా ఉండి కూడా గేరు ఆలస్యంగా పడుతూ, పంపు నుంచి ఈల వంటి శబ్దం వస్తుంటే ఫిల్టర్‌ను అనుమానించాలి. ఫిల్టర్ మెడ పంపులోకి దిగే చోట ఒక సీల్ ఉంటుంది. పాత ఫిల్టర్‌ను లాగినప్పుడు ఆ సీల్ తరచు పైనే అతుక్కుని ఉండిపోతుంది. బండి కింద పడుకుని, మోచేతుల దాకా ఆయిల్ కారుతుండగా పనిచేసే మనిషికి అది కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. దాని మీదే కొత్త సీల్‌ను నెట్టితే ఫిల్టర్ సరిగా కూర్చోదు, పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. లోతైన పాన్‌కు లోతు తక్కువ పాన్ ఫిల్టర్ బిగించినా, మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ ఇదే జరగవచ్చు. ఎంతో చిన్నదైన ఈ లోపాన్ని వెతకకుండా గేర్‌బాక్సు మొత్తాన్ని విప్పించడం యజమానికి తీరని నష్టం.

ఆయిల్ రకాన్ని కూడా చూడాలి. డెక్స్రాన్-6 వాడవలసిన జనరల్ మోటార్స్ గేర్‌బాక్సులో వేరే కంపెనీ ప్రమాణానికి తయారైన ఆయిల్ పోస్తే, పలకల పట్టును నిర్ణయించే రసాయనాలు మారిపోయి, కన్వర్టర్ క్లచ్ పట్టుకునే వేగంలో బండి వణకవచ్చు. ఎర్రరంగు కలిపినది మాత్రమే కనుక, రంగు చూసి రకాన్ని నిర్ధారించలేము.

ఇవన్నీ సరిగా ఉన్నా, కంప్యూటర్‌లో పీ1870 అనే కోడ్ నమోదై, ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు గట్టి కుదుపు వస్తుంటే, నింద ఆయిల్ మార్చిన మనిషి మీద వేయడం న్యాయం కాదు. 1990ల నాటి 4ఎల్60-ఈ ట్రాన్స్‌మిషన్లలో కన్వర్టర్ క్లచ్‌ను నియంత్రించే వాల్వ్ కదిలే అల్యూమినియం రంధ్రం అరిగి, ఒత్తిడి పక్కకు కారిపోవడం వల్ల క్లచ్ జారుతుంది. దానిని గుర్తించిన కంప్యూటర్ పలకలను కాపాడడానికి మొత్తం ఒత్తిడిని పెంచుతుంది. యజమానికి తెలిసే కుదుపు ఆ పెంపు ఫలితమే. ఆ రంధ్రాన్ని తిరిగి తొలిచి కొత్త వాల్వ్ అమర్చడమో, వాల్వ్ బాడీనే మార్చడమో చేయాలి.