కుదించిన ప్రోగ్రాములు – కల్పిత స్మృతి: ఒక విమర్శ

కంప్యూటరు ప్రోగ్రామును కుదించి డిస్కుపై తక్కువ చోటులో దాచు సాధనములు చిరకాలముగా వాడుకలో నున్నవి. 1989లో ఫాబ్రీస్ బెల్లార్డ్ రచించిన ఎల్‌జెడ్‌ఎక్స్‌ఇ, 1998లో ఓబర్‌హ్యూమర్, మోల్నార్‌లు వెలువరించిన యుపిఎక్స్ ఇట్టివే. వీని నేర్పు మెచ్చదగినదే. ప్రోగ్రామును తెరచినంతనే అది తన్ను తానే విప్పుకొని పని ప్రారంభించును. 1.44 మెగాబైట్ల ఫ్లాపీల కాలములో ఇది గొప్ప మేలు. కాని డిస్కుపై చిన్నదైనది మెమరీలోను చిన్నదే యగునని మన విద్యార్థులు పలువురు తలచుచున్నారు. ఈ భావమును పరీక్షింపవలసి యున్నది.

ఉన్న మెమరీ కంటె పెద్ద మెమరీ కలదన్నట్లు ప్రోగ్రామునకు తోపింపజేయు ఏర్పాటే వర్చువల్ మెమరీ, అనగా కల్పిత స్మృతి. 1962లో మాంచెస్టరులో పనికి దిగిన అట్లాస్ కంప్యూటరులో ఇది రూపొందినది. ఇందు ప్రోగ్రాము పుటలుగా విభజింపబడును. నేటి సామాన్య కంప్యూటర్లలో ఒక పుట 4096 బైట్లు.

భద్రాచలము మన్యములో వేసవియందు తునికాకు సేకరించువారు 50 ఆకులకు ఒక కట్ట కట్టుదురు. లెక్కకు ఆ కట్టయే కొలత. కావలసిన కట్టను మాత్రమే తీయవచ్చును. పుటయు ఇట్టిదే.

ఒక ప్రోగ్రాము 4 మెగాబైట్లనుకొందము. దానిలో 1024 పుటలుండును. మన పనికి 100 పుటలే చాలినచో సుమారు 400 కిలోబైట్లే మెమరీలోనికి వచ్చును. చోటు చాలనప్పుడు ఆ పుటలను వదలివేయవచ్చును. అసలు ప్రతి డిస్కుపై నున్నది గదా! ఒకే కంప్యూటరుపై నలుగురు అదే ప్రోగ్రామును నడిపినను ఆ పుటలు అందరికిని ఉమ్మడి.

మొత్తముగా కుదించిన ప్రోగ్రాములో ఈ మూడు లాభములును పోవును. మొదటనే 1024 పుటలు విప్పవలెను. విప్పిన పుటలకు డిస్కుపై ప్రతి లేదు. కనుక చోటు చాలనప్పుడు వానిని స్వాప్ భాగములో వ్రాసి దాచవలెను. నలుగురు నడిపినచో నాలుగు ప్రతులు, అనగా 16 మెగాబైట్లు! డిస్కుపై మిగిల్చిన దానిని మెమరీలో చెల్లించుచున్నామన్నమాట. యుపిఎక్స్ కర్తలు సైతము తమ వివరణ పత్రములో ఈ బేరమును దాచలేదు, చదువనిది మనమే.

అట్లని కుదింపే దోషము కాదు. 2009లో లినక్స్‌లో చేరిన స్క్వాష్ఎఫ్ఎస్ అను ఫైలు వ్యవస్థ ఫైళ్లను ముక్కలు ముక్కలుగా కుదించును. కోరిన ముక్కనే విప్పును. విప్పుపని ఆపరేటింగ్ సిస్టమే చేయును గనుక పుటలు ఉమ్మడిగనే నిలుచును. కట్టలు చెడకుండ మూట కట్టుట యన నిదియే.

మెమరీ తక్కువగా నున్న పాత కంప్యూటర్లతో నెట్టుకొని వచ్చు పాఠశాలలకు ఈ భేదము ముఖ్యము. ఉపాధ్యాయులు ఒక పెద్ద ప్రోగ్రామును మామూలుగా ఒకమారు, కుదించి ఒకమారు, నాలుగేసి ప్రతులు తెరచి, మిగిలిన మెమరీ ఎంతయో విద్యార్థులచే వ్రాయింపవలెను. ఫైలు పరిమాణము ఒకటి, నడుచునప్పటి భారము వేరొకటి యని ఆ అంకెలే బోధించును.