తోలు ఎవరిది? ప్రధాన యాజకుడి మీద ఒక దళిత పఠనం

పలమనేరు చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెల చర్చీలకు 'ప్రధాన యాజకుడు' కొత్త మాట కాదు. 19వ శతాబ్దం చివర్లో ఆర్కాట్ మిషన్ వాళ్లు ఈ ఊర్లోనే దైవశాస్త్ర పాఠశాల నడిపారు. ప్రసంగాల్లో ఎక్కువగా వినబడేది ఆయన వైభవమే. రొమ్ము మీద పన్నెండు రాళ్ల పతకం, తలపాగాకు బంగారు రేకు, అంగీ అంచున బంగారు గంటలు, ఏడాదికొక్క దినం అతిపరిశుద్ధ స్థలంలోకి పోవడం. ఇంతకీ ఆయన చేసే పనేంది?

'యాజకుడు' అనగానే మనకు యజ్ఞం చేసే బాపనయ్య కళ్లముందు నిలబడతాడు. లేవీయకాండం చదివితే వేరే మనిషి కనబడతాడు. ప్రాయశ్చిత్త దినాన కోడెను, మేకపోతును ఆయనే కోయాలి. నెత్తురు వేలితో చిలకరించాలి. దహనబలి పశువు తోలు, ఆ బలి చేసిన యాజకుడికే చెందుతుందని 7వ అధ్యాయం చెప్తుంది. హిజ్కియా రాజు కాలంలో తోలు వలవడానికి యాజకులు చాలకపోతే లేవీయులు చెయ్యేశారని దినవృత్తాంతాల్లో ఉంది. మన ఊళ్లల్లో కోసేది, వలిచేది, తోలు పదును చేసేది ఎవరు? అక్కడ ఆ పని చేసినోడు పవిత్రుడు, ఇక్కడ అంటరానోడు. మరి మైల నెత్తుట్లో ఉందా, తోల్లో ఉందా? రెంటిలోనూ లేదు. పని చేసే చేతికి అధికారం ఉందా లేదా అనేదే తేల్చింది.

బలి పశువు వేరు, చచ్చిన గొడ్డు వేరు కదా అని కొందరంటారు. నిజమే. చచ్చినదాన్ని యాజకుడు తినకూడదు. ప్రధాన యాజకుడైతే కన్న తల్లిదండ్రుల శవం దగ్గరికీ పోకూడదు. కానీ సామాన్యుడు చచ్చినదాన్ని తింటే? బట్టలుతుక్కుని, స్నానం చేస్తే సాయంత్రానికి మైల పోతుందని 17వ అధ్యాయం. మనకు ఎన్ని తరాలైనా ఆ సాయంత్రం రాలేదు.

అట్లని ఆ వ్యవస్థను నెత్తిన పెట్టుకోలేం. పుట్టుక అనే గడియ అక్కడా ఉంది. అహరోను వంశంలో పుట్టినోడికే యాజకత్వం. ఆ వంశంలో పుట్టినా గుడ్డివాడు, కుంటివాడు, గూనివాడు బలిపీఠం దగ్గరికి రాకూడదు. సమాజమంతా పవిత్రమైతే మీరెందుకు పైనుండాలని కోరహు అడిగితే భూమి మింగింది. కోరహు లేవీయుడే, కిందివాడేం కాదు. అయినా ఆయన ప్రశ్న బతికే ఉంది. ఇంత కట్టుదిట్టమైన పదవిని క్రీ.పూ. 175లో యాసోను అంతియోకసు రాజుకు సొమ్ము కట్టి కొనుక్కున్నాడు. తర్వాత రోమా గవర్నర్లు తమకు నచ్చినోళ్లను పెట్టారు, తీశారు. క్రీ.శ. 70లో ఆలయంతో పాటు పదవీ పోయింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలులో ఎఫ్రాయిము గోత్రమని ప్రకటించుకుని, 1991లో యూదు ప్రార్థనామందిరం పెట్టుకున్నాయి. అంటరానితనానికి గుర్తుగా చూపిన గొడ్డుమాంసాన్నే తమ పాత వంశానికి గుర్తుగా చదువుకున్నాయి. ఆ ఆత్మగౌరవాన్ని మనం గౌరవించాల్సిందే. కానీ ఎఫ్రాయిము లేవీ కాదు. ఆ ఆలయం ఈ రోజు నిలిచి ఉన్నా దాని చట్టం ప్రకారం వీళ్లు తెర బయటే ఉండాలి. వంశావళి మార్చుకున్నంత మాత్రాన వంశావళి పెత్తనం పోదు.

హెబ్రీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయం ఈ పెత్తనాన్నే తెంపింది. యేసు యూదా గోత్రం, లేవీ కాదు, అయినా ప్రధాన యాజకుడు. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కు తీసేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007 సవరణ పాత అర్చక కుటుంబాలకు మళ్లీ తలుపు తీసింది. గుడి సంగతి అట్లుంటే, హెబ్రీ పత్రిక చదివే మన చర్చీల్లో బల్ల దగ్గర ఎవరు నిలబడాలో కులం చూడకుండా, ఆడ మగ చూడకుండా తేల్చుకుంటున్నామా?

వచ్చే ఆదివారం లేవీయకాండం 7వ అధ్యాయం చదివి ప్రసంగం చెప్పమని మీ అయ్యగారిని అడగండి. తోలు దగ్గర ఆపి, అది ఎవరిదని అడగండి.