ప్రచారం అనే మాట గురించి

గూడెం కొత్తవీధిలో వాన మొదలైతే ఫోన్ సిగ్నల్ పోతుంది. ఆ రోజు ఇంకా మొదలవలేదు కాబట్టి ప్రచురణకర్త ఫోన్ కలిసింది. తెలుగు డిటెక్టివ్ నవలల మీద నేను చేసిన పరిశోధన పుస్తకంగా రాబోతోంది. ప్రూఫుల సంగతి మాట్లాడతారనుకున్నాను. "మేడం, వెనక అట్టకి మీ ఫోటో కావాలి. చీరలో ఉన్నది పంపండి. మీ గురించి అరపేజీ, అందులో మీవారి గురించి, పిల్లల గురించి రెండు మాటలు" అన్నారు. ఎందుకండీ అంటే, "డిటెక్టివ్ నవలల మీద ఆడవాళ్ళు రాశారంటే జనం ఆసక్తిగా చూస్తారు కదా, ప్రచారానికి పనికొస్తుంది" అన్నారు. ఆయన మంచివారే. అందులో చెడ్డ ఉద్దేశం ఏదీ లేదు. ఆలోచిస్తానని ఫోన్ పెట్టేశాను.

ఆ వారమే అగాథా క్రిస్టీ 1972లో ప్రచురించిన 'ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్' మళ్ళీ చదువుతున్నాను. అది ఆమె గొప్ప నవలల్లో ఒకటి కాదు. అప్పటికామె ఎనభై దాటింది. తేదీలు, వయసులు ఒకదానితో ఒకటి పొసగవు. పరిశోధకురాలిగా నాకూ చిరాకేసింది. కానీ మొదటి అధ్యాయం మాత్రం క్రిస్టీ రాసినవాటిలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. అందులో శవం లేదు, పోలీసులు లేరు. అరియాడ్నీ ఆలివర్ అనే హత్యానవలల రచయిత్రి ఒక సాహిత్య విందుకి బయల్దేరుతుంది. ఏ టోపీ పెట్టుకోవాలో తేల్చుకోలేకపోతుంది. విందులో ఏం తింటే పళ్ళకి ఇబ్బందో లెక్క వేసుకుంటుంది. అన్నిటికంటే పెద్ద భయం పొగడ్తలది. 'మీ పుస్తకాలంటే ప్రాణమండీ' అని ఎవరైనా అంటే ఏం జవాబు చెప్పాలో ఆమెకి ఎన్నడూ తోచదు. నవ్వాలి, సిగ్గుపడాలి, మరీ ఎక్కువ సిగ్గుపడకూడదు. రాయటం ఆమెకి వచ్చిన పని. ఇది రాని పని. అయినా చెయ్యక తప్పదు.

రచయిత్రికి గది కావాలి, తీరిక కావాలి అని మనం చాలా రాశాం. రాయటం అయిపోయాక మొదలయ్యే చాకిరీ గురించి మాత్రం పెద్దగా రాయలేదు. ఆ చాకిరీని ఒక రచయిత్రి తనని తానే ఎగతాళి చేసుకుంటూ, పాత్రగా మలిచి, దశాబ్దాల పాటు నవలల్లోకి తెచ్చుకోవటం మామూలు విషయం కాదు. ఆలివరమ్మ (నేనలాగే పిలుచుకుంటాను) 1936 నాటి 'కార్డ్స్ ఆన్ ద టేబుల్'లోనే పోయిరో పక్కన కనిపిస్తుంది. తన డిటెక్టివ్‌ని ఫిన్లాండ్ దేశస్థుడిగా ఎందుకు పెట్టానురా అని తల బాదుకుంటుంది. ఆ దేశం గురించి ఆమెకేమీ తెలియదు. బెల్జియం వాడితో విసిగిపోయిన క్రిస్టీ గొంతు ఇక్కడ ఎవరికైనా వినిపిస్తుంది. 1952 నాటి 'మిసెస్ మెగింటీస్ డెడ్'లో ఒక కుర్ర నాటక రచయిత ఆమె డిటెక్టివ్‌ని రంగస్థలం కోసం వయసు తగ్గించి పూర్తిగా మార్చేస్తానంటాడు. తన సృష్టి మీద తనకే అధికారం లేకపోవటాన్ని క్రిస్టీ నవ్విస్తూ చెప్పింది. నాకైతే నవ్వు సగమే వచ్చింది.

మన దగ్గరికి వస్తే పరిస్థితి వేరు. 1950లు, 60ల్లో జేబు నవలల కాలంలో కొమ్మూరి సాంబశివరావుకి టోపీల బాధ ఉన్నట్టు లేదు. ఆయన పుస్తకాన్ని డిటెక్టివ్ యుగంధర్ అమ్మిపెట్టాడు. 'ప్రమీలాదేవి హత్య', 'లక్షాధికారి హత్య' లాంటి పేర్లు అమ్మిపెట్టాయి. బస్టాండు బడ్డీకొట్టులో, అద్దె లైబ్రరీలో పాఠకులు అడిగేది యుగంధర్ని. మా అమ్మ కూడా అలాగే అడిగేది. రోజుకి పావలా అద్దె. వంట అయ్యాక, అందరూ పడుకున్నాక చదివి, పొద్దున్నే నాతో తిప్పి పంపేది. రాసినాయన ఎలా ఉంటాడో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదట.

మల్లాది వెంకట కృష్ణమూర్తి గారిది ఇంకా ఆసక్తికరమైన సంగతి. 'చంటబ్బాయి' ఆయనదే. ఆ హాస్య డిటెక్టివ్ కథని జంధ్యాల 1986లో సినిమాగా తీశారు. ఆయన దశాబ్దాల పాటు తన ఫోటో అచ్చు కానివ్వలేదు, సభలకి వెళ్ళలేదు. నాకు ఆ నిర్ణయం మీద గౌరవం ఉంది. రచయిత కనిపించనక్కర్లేదు, రచన కనిపిస్తే చాలన్నది మంచి మాటే. కానీ పాఠకులు దాన్ని ఎలా తీసుకున్నారో చూడండి. కనిపించకపోవటమే ఆయన చుట్టూ ఒక ఆకర్షణ అయింది. అది నియమం అన్నారు, నిరాడంబరత అన్నారు. ఎవరూ తప్పు పట్టలేదు. ఇంకో పక్క, ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన పురాణం సీత అసలు పేరు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. మగవాళ్ళకి మొహం దాచుకునే వీలూ ఉంది, కావాలంటే మన పేరు పెట్టుకునే వీలూ ఉంది.

క్రిస్టీ కూడా ఒకసారి కనిపించకుండా పోయింది. 1926 డిసెంబర్‌లో. ఆ ఏడాదే తల్లి చనిపోయింది. భర్త వేరొక స్త్రీని ప్రేమించానని, విడాకులు కావాలని చెప్పాడు. ఒక రాత్రి ఆమె కారేసుకుని వెళ్ళిపోయింది. కారు దొరికింది, ఆమె దొరకలేదు. వందలాది పోలీసులు, జనం వెతికారు. పదకొండు రోజుల తర్వాత హారోగేట్‌లోని ఒక హోటల్లో కనిపించింది. భర్త ప్రేమించిన స్త్రీ ఇంటిపేరుతోనే అక్కడ దిగింది. అప్పుడు పత్రికలు, జనం ఏమన్నారు? పుస్తకాలు అమ్ముకోవటానికి వేసిన నాటకం అన్నారు. 'మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్' వచ్చిన ఏడాదే కదా, అనుమానానికి ఆధారం కూడా దొరికింది. హత్యలు రాసే ఆడదానికి దుఃఖం వస్తే అది కూడా కథే అవుతుంది. ఆమె మరణం తర్వాత 1977లో వెలువడిన ఆత్మకథలో ఆ పదకొండు రోజుల గురించి ఒక్క ముక్క లేదు. దాన్ని తప్పించుకోవటంగా చూసే విమర్శకులున్నారు. నాకది ఆమె అట్టిపెట్టుకున్న ఒకే ఒక్క గది అనిపిస్తుంది.

అదే ఆత్మకథలో రెండు చిన్న సంగతులున్నాయి. దరఖాస్తుల్లో వృత్తి అన్నచోట 'వివాహిత' అని తప్ప ఇంకోటి రాయాలని ఆమెకి తట్టలేదట. రెండోది 'మౌస్‌ట్రాప్' నాటకం వేడుక. సావోయ్ హోటల్లో విందు. కాస్త ముందుగా వెళితే గుమ్మం దగ్గర మనిషి గుర్తుపట్టక లోపలికి పోనివ్వలేదు. 'నేనే రాశాను' అనలేక ఆమె వెనక్కి తిరిగింది. లోకమంతా చదివిన రచయిత్రికి ఆ నాలుగు మాటలు నోట రాలేదు.

మన ఆవిష్కరణ సభలు ఇంతకంటే భిన్నం కాదు. వేదిక మీద తొమ్మిదిమంది, అందులో రచయిత్రి చివరి కుర్చీలో. అధ్యక్షుడు, ఆవిష్కర్త, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, సమీక్షకుడు మాట్లాడాక, హాలు ఖాళీ అవుతుండగా 'రచయిత్రి స్పందన, రెండు నిమిషాలు'. ఈ లోపల ఆమె టిఫిన్లు అందాయో లేదో చూసుకోవాలి, శాలువాలు లెక్క పెట్టుకోవాలి. భర్తని వేదిక మీదకి పిలిచి, 'ఈయన సహకారం లేకపోతే' అని చప్పట్లు కొట్టిస్తారు. మర్నాడు మిగిలిన కాపీలు సంచిలో వేసుకుని ఆటో కోసం నిలబడేది ఆమే. ఒక పెద్ద రచయిత్రికి ఆ సంచి ఒకసారి నేను పట్టాను. పుస్తకాలంత బరువు ఏ సామానూ ఉండదు.

నేను చింతపల్లిలో పాఠాలు చెప్పి సాయంత్రం ఇక్కడికి వస్తాను. ఇంటావిడ ఒకరోజు పుస్తకం అట్ట తిరగేసి, "ఈవిడేనేటమ్మా రాసింది?" అని అడిగింది. అవునన్నాను. చంపినోడు ఆఖర్ని దొరుకుతాడా అంది. ఇలాంటి పుస్తకాల్లో దొరుకుతాడని చెప్పాను. "పుస్తకాల్లో దొరుకుతార్లే" అని లోపలికి వెళ్ళింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇదే మన్యంలో, జి.మాడుగుల మండలం వాకపల్లిలో 2007 ఆగస్టు 20న తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. ఇది మావోయిస్టుల ప్రచారం అని పోలీసులు కొట్టిపారేశారు. ఆ స్త్రీలు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్ళి, అడిగిన ప్రతిసారీ చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని కోర్టే చెప్పి, ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. క్రిస్టీ కష్టాన్నీ వీళ్ళ కష్టాన్నీ ఒక గాటన కట్టటం నా ఉద్దేశం కాదు. అలా కట్టటం అన్యాయం. నన్ను ఆపింది ఆ ఒక్క మాట. పుస్తకం గురించి పదిమందికి చెప్పటం ప్రచారం. ఆడవాళ్ళు నోరు విప్పి చెప్పింది అబద్ధం అనటానికి కూడా అదే ప్రచారం. మొదటిదాని కోసం మా ఫోటో అడుగుతారు. రెండోది అడక్కుండానే మా మీద వేస్తారు.

ఆలివరమ్మ విందుకి తిరిగి వస్తాను. భోజనాలయ్యాక ఒక అపరిచితురాలు ఆమెని పట్టుకుంటుంది. పొగడ్త అయిపోగానే, మీ గాడ్‌డాటర్ అయిన ఆ పిల్ల తల్లి తండ్రిని చంపిందా, తండ్రి తల్లిని చంపాడా అని నిలదీస్తుంది. రచయిత్రి అందరి సొత్తు, ఏదైనా అడగొచ్చు అన్న ధీమా అది. ఆలివరమ్మకి కోపం వస్తుంది. అయినా ఆ ప్రశ్నని వదలదు. పాత దాదుల్ని, ముసలి స్నేహితురాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళు చెప్పేది ఓపిగ్గా వింటుంది. చనిపోయినామెకి నాలుగు విగ్గులుండేవన్న సంగతి అలా బయటికి వస్తుంది. కేసు తేలటానికి అదే దారి చూపిస్తుంది. పోలీసుల ఫైల్లో దానికి ఏ విలువా ఇవ్వలేదు. ఆడవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

ప్రచురణకర్తకి అరపేజీ పంపాను. అందులో నేను చదివిన పుస్తకాల పేర్లు, నా పరిశోధన ఏళ్ళు, మా అమ్మ అద్దె లైబ్రరీ ఉన్నాయి. ఫోటో ఇంకా పంపలేదు.