పశువుల గాయములు - ఇంటిమందులు
పశువులకు గాయమైనప్పుడు పసుపు, వేపనూనె పూయుట పల్లెలలో వాడుక. వేపనూనె ఘాటుకు ఈగలు అంతగా దరిచేరవు. అందుచే పురుగు పట్టుట తగ్గును. పసుపునకు సూక్ష్మజీవులను కొంతవరకు అణచు గుణము కలదు. వీటిని మూఢాచారములని త్రోసివేయరాదు.

కాని గాయమునకు పేడ, మట్టి మెత్తుట సమర్థనీయము కాదు. ధనుర్వాతపు క్రిమి బీజములు మట్టిలోను, గుఱ్ఱపు లద్దెలోను ఉండును. గాలి సోకని లోతుగాయములో అవి మొలకెత్తి విషమును పుట్టించును. పెంపుడు జంతువులలో గుఱ్ఱమే ఈ విషమునకు మిక్కిలి లోబడును. 1890లో బేరింగు, కితసాటోలు దీనికి విరుగుడు కనుగొనగా, తరువాత దానిని గుఱ్ఱపు నెత్తురునుండియే తయారుచేసిరి.

కావున ఇంటిమందును పాతదన్న కారణమున మెచ్చనూరాదు, నిందింపనూరాదు. గాయములో అది చేయు పనినే చూడవలెను. గాయమును ముందు మంచినీటితో కడుగవలెను. లోతైనదైనచో పశువైద్యునిచే ధనుర్వాత నివారణ సూది వేయించవలెను.